‘మీరు ఎన్ని రోజులుంటరు మేడం?’

ప్రశ్న: సార్, నమస్తే. 2024 డీఎస్సీలో నాకు స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి రోజూ బస్సులో కోస్గి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వెళ్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు గణితం చెబుతాను. నాకంటే ముందు ఏడాదికి పైగా అక్కడ గణితానికి టీచరే లేరట. నిరుడు మధ్యలో చేరాను కాబట్టి సిలబస్ వెనక పరుగెత్తడమే సరిపోయింది. ఈ జూన్‌లో అయినా పిల్లల్ని బాగా తెలుసుకుందామని ‘నా గురించి’ అని 15 ప్రశ్నలతో ఒక పేపర్ ఇచ్చాను. నిజాయితీగా రాయండి, ఎవరూ ఏమీ అనరని కూడా చెప్పాను. ఏడో తరగతిలో 34 మంది. వాళ్లలో 11 మంది డాక్టర్ అవుతారట, 9 మంది పోలీస్. కష్టమైన సబ్జెక్ట్ గణితమని ఒక్కరూ రాయలేదు. తీరా ఎఫ్‌ఏ-1 పరీక్షలో సగం మందికి 20కి 6 దాటలేదు. ఒకబ్బాయి ‘నాన్న వ్యవసాయం చేస్తారు, ఇంట్లో ఉంటారు’ అని రాశాడు. వాళ్ల నాన్న రెండేళ్ల నుంచి బొంబాయిలో కూలి చేస్తున్నాడని మిగతా పిల్లలు చెప్పారు. అబద్ధం ఎందుకు రాశావని క్లాసులో అడిగాను. కోప్పడలేదు సార్, మామూలుగానే అడిగాను. అప్పటి నుంచి నా వైపు చూడడం లేదు. ఇంకొకటి. ‘మీరు ఎన్ని రోజులుంటరు మేడం?’ అని ఒకమ్మాయి అడిగితే, ‘నేనెక్కడికి పోతాను, ఎప్పటికీ ఇక్కడే ఉంటా’ అన్నాను. అంతకు ముందు రోజే వరండాలో ఫోన్‌లో ట్రాన్స్‌ఫర్ సంగతి మాట్లాడాను. ఆ పిల్ల విన్నదేమో అని ఒకటే టెన్షన్. పిల్లలు నాతో నిజాయితీగా ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక గణితం టీచర్

సమాధానం: అమ్మా, నీది మా చిన్నమ్మాయి వయసు ఉంటుంది. అందుకని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ఉత్తరం చివర ‘ఇంకొకటి’ అని రాశావు చూడు, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ అమ్మాయి ఆ మాట ఊరికే అడగలేదు. ఏడాదికి పైగా గణితం పీరియడ్‌లో వేరే సార్ ఎవరో తలుపు దగ్గరికి వచ్చి ‘చప్పుడు చేయకుండా చదువుకోండి’ అని వెళ్లిపోతే ఖాళీగా కూర్చున్న పిల్ల. నీ మీద మనసు పెట్టుకోవచ్చా అని అడిగింది. ఎప్పటికీ ఇక్కడే ఉంటానన్నావు. మంచి మనసుతోనే అన్నావు, కానీ అది నిజం కాదని నీకు తెలుసు. ఫోన్ మాటలు వినకపోయినా ఆ పిల్లకూ తెలిసే ఉంటుంది. ఒకే చోట ఎనిమిదేళ్లు నిండితే మన ఉద్యోగాల్లో బదిలీ తప్పదు. ఈ సంగతి బడి ముందు కిరాణా కొట్టాయనకు కూడా తెలుసు. లాంగ్ బెల్ కొట్టగానే నువ్వు బ్యాగు భుజాన వేసుకుని బస్సు కోసం గబగబా నడవడం వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు.

కాబట్టి ముందు ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పు. తరగతి మొత్తం వినేలా చెప్పు. ‘మొన్న ఎప్పటికీ ఉంటానన్నాను. అది సరిగా చెప్పలేదు. మా ఇల్లు మహబూబ్‌నగర్‌లో ఉంది. ఇంటికి దగ్గరగా వస్తే బాగుండునని నాకు ఉంది. ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈ ఏడాది పరీక్షలు అయ్యేదాకా మాత్రం మీతోనే ఉంటాను.’ ఈ ఏడాది సంగతి కూడా నీకు గట్టిగా తెలిస్తేనే అను. బస్సు ప్రయాణం కష్టమని, ఇంట్లో అత్తగారికి బాగుండదని కారణాలు చెబుతూ పోకు. వాళ్లు జాలిపడాల్సిన అవసరం లేదు, లెక్క తేలితే చాలు. ఒక ఏడాది అని తెలిస్తే ఆ ఏడాదికి సరిపడా మనసు పెడతారు. పిల్లలకు ఆ నేర్పు ఉంటుంది.

ఇక ఆ 15 ప్రశ్నల పేపర్. నీ ఉద్దేశంలో తప్పు లేదు. కానీ అది పిల్లల కళ్లకు ఎలా కనిపించిందో ఆలోచించు. ఇలా గీతలు గీసి, గడులు పెట్టి వాళ్ల చేతికి వచ్చే కాగితాలు ఎలాంటివి? ఆధార్ నంబర్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్. తండ్రి పేరు, తండ్రి వృత్తి. అందులో ఒక్క అక్షరం తేడా వస్తే స్కాలర్‌షిప్ ఆగుతుంది, అమ్మ ఒకరోజు కూలి పోగొట్టుకుని మీసేవ చుట్టూ తిరగాలి. అందుకే ఏ గడిలో ఏం రాయాలో ఇంట్లో ముందే చెప్పి పంపుతారు. నీ పేపర్‌లోనూ అవే గడులు ఉన్నాయి. పిల్లలు అలవాటైన జవాబులే రాశారు. డాక్టర్, పోలీస్ కూడా అలాంటివే. ఆగస్టు పదిహేనున మైకు ముందు నిలబెట్టి పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే ఏం చెప్పాలో ఒకటో తరగతి నుంచి నేర్చుకుంటూ వచ్చారు. నిన్ను సంతోషపెడదామనే రాశారు తప్ప మోసం చేద్దామని కాదు. పైగా గణితం టీచర్ ఇచ్చిన కాగితం మీద గణితం కష్టమని ఎవరు రాస్తారు? నా 33 ఏళ్ల సర్వీసులో ‘సార్, మీ సోషల్ అర్థం కాదు’ అని నాకే చెప్పినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరి ముఖాలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ అబ్బాయి సంగతికి వస్తాను. అతను రాసింది అబద్ధమని నువ్వు తేల్చేశావు. నాకు అలా అనిపించడం లేదు. నాది నల్లగొండ జిల్లా అయినా మీ కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు వలస కథ నాకు కొత్త కాదు, మా దేవరకొండ తండాల్లోనూ అదే కథ. వాన మీద ఆధారపడిన రెండు మూడెకరాలు. కందో, పత్తో, జొన్నో వేస్తారు. వాన మొహం చాటేస్తే పెట్టిన అప్పు మిగులుతుంది. మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు, బొంబాయి బండి ఎక్కుతారు. అలా వెళ్లిన మనిషిని ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే కూలి అనడు. పట్టాదారు పాస్‌బుక్ ఆయన పేరు మీద ఉంటుంది, రైతు భరోసా పడితే ఆయన ఖాతాలోనే పడుతుంది. ఎక్కడో పదో అంతస్తుకు ఇటుకలు మోస్తున్నా ఆయన లెక్కలో ఆయన రైతే. ‘నాన్న వ్యవసాయం చేస్తారు’ అన్నది ఆ ఇంట్లో అనుకునే మాట. కొడుకు అదే రాశాడు.

‘ఇంట్లో ఉంటారు’ అని ఎందుకు రాశాడంటావా? మగదిక్కు లేని ఇల్లని బయట ఎవరికీ చెప్పొద్దని తల్లో, నాయనమ్మో చెప్పి ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లవాడు ఆ ఇంటికి చేయగలిగిన కాపలా అదొక్కటే. అది బాగానే చేశాడు. నువ్వు దాన్ని మిగతా 33 మంది ముందు అడిగావు. మామూలుగానే అడిగానంటున్నావు, నమ్ముతాను. వెనక బెంచీలో ఎవరైనా కిసుక్కుమంటే నీకు వినపడి ఉండదు. అతనికి వినపడి ఉంటుంది.

ఇంతకంటే పెద్ద తప్పే నేను చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1996. ఏడో తరగతి పిల్లలతో ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక పేజీ రాయించేవాణ్ణి. ఆ వారం సంగతులు ఏవైనా సరే. ఒకమ్మాయి మూడు వారాలు వాన గురించి, వాళ్ల మేకపిల్ల గురించి రాసింది. నాలుగో వారం, ‘మా నాయిన తాగొచ్చి అమ్మను కొడుతుండు, రాత్రి నిద్ర ఉంటలేదు, అందుకే మీ క్లాసుల కునుకుతున్న, ఏమనుకోవద్దు సార్’ అని రాసింది. చదివి నాకు కడుపులో దేవినట్టయింది. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ తోటి టీచర్‌కి చెప్పాను. ఆ పిల్ల కునికితే తిట్టకుండా ఉంటారని, మంచికే చెబుతున్నానని అనుకున్నాను. మర్నాడు ఆయన పాఠం మధ్యలో ఆ పిల్లను లేపి, ‘రాత్రి మీ నాయిన మళ్లీ తాగొచ్చిండా?’ అని అడిగాడు. ఆయనా జాలితోనే అడిగాడు.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది. ఆ పేజీ లేదు. కుట్టు పక్కన చింపిన అంచు మాత్రం సన్నగా, పళ్లు పళ్లుగా మిగిలి ఉంది. తప్పయిపోయింది తల్లీ అన్నాను. ‘పర్లేదు సార్’ అంది. ఆ తర్వాత ఏడాదంతా ఒక్క శుక్రవారం కూడా మానకుండా పేజీ నిండా రాసింది. వాన గురించి, మేకపిల్ల గురించి, సంక్రాంతి ముగ్గుల గురించి. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఏ పేజీలోనూ ఆ పిల్ల లేదు. మీ అమ్మతో నేను మాట్లాడనా అని ముందు ఆ పిల్లనే అడగాల్సింది. అడగలేదు.

ఆ తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, నువ్వూ చేసి చూడు. రాసిన కాగితాన్ని మధ్యకు మడిచి ఇస్తే నేనొక్కణ్ణే చదువుతాను, ఆ మాట స్టాఫ్ రూమ్ గడప దాటదు అని కాదు, స్టాఫ్ రూమ్‌కే పోదు. మడవకుండా ఇస్తే క్లాసులో అందరం మాట్లాడుకోవచ్చు. తెల్ల కాగితం ఇచ్చినా ఎందుకని అడగను. మొదట్లో ఎవరూ మడవలేదు. దసరా సెలవుల తర్వాత ఒకటి రెండు మడతలు వచ్చాయి. ఒకటి తెరిస్తే లోపల ‘ఏం లేదు సార్, ఊకెనే మడిచిన’ అని ఉంది. నవ్వొచ్చినా ఎవరికీ చెప్పలేదు. వాడు నన్ను పరీక్షించాడని తర్వాత అర్థమైంది, ఎందుకంటే మరుసటి వారం నిజంగా రాశాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని మొదటి రోజే చెప్పాలి. ఎవరైనా చెడుగా తాకుతున్నారని, ఒళ్లు వాచేలా కొడుతున్నారని, పెళ్లి కుదిర్చారని ఒక పిల్ల రాస్తే దాన్ని నీ దగ్గరే దాచుకోవడానికి వీల్లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. బాల్య వివాహమైనా, ఇంకే ఆపదైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. వేసవి సెలవులకు వెళ్లిన ఎనిమిదో తరగతి ఆడపిల్ల జూన్‌లో తిరిగి రాకపోవడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. అన్నీ దాచిపెడతానని మాట ఇచ్చి తర్వాత తప్పితే ఆ పిల్ల ఇంకెవరికీ ఏదీ చెప్పదు. అందుకని ముందే, ‘మీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలిగినవాళ్లకు చెబుతాను, కానీ మీకు తెలియకుండా చెప్పను’ అను. వాళ్లకు అర్థమవుతుంది.

మరి ఏం అడగాలి? నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటే. ‘ఈరోజు పొద్దున లేచినప్పటి నుంచి బడి గేటు దాకా ఏం జరిగిందో రాయండి.’ ముందు నీది నువ్వు బోర్డు మీద రాయాలి. ఎన్నింటికి లేచావు, టిఫిన్ బాక్సులో ఏం పెట్టుకున్నావు, బస్సులో సీటు దొరికిందా, దారిలో ఎవరి మీదైనా విసుక్కున్నావా, ఈరోజు బడికి రావాలనిపించిందా లేదా. ఉన్నది ఉన్నట్టు రాయి. విసుక్కుంటే విసుక్కున్నానని రాయి. నేను అలా రాశాక ఒక ఆరో తరగతి పిల్లవాడు ఇచ్చిన కాగితం ఇది, మాట తేడా లేకుండా నాకు గుర్తుంది. ‘ఐదు గంటలకు లేసిన. బర్రెకు గడ్డి ఏసిన. చెల్లెకు జడ ఏసిన. నాకు ఒక్క జడనే వస్తది, రెండు జడలు రావు. చెల్లె ఏడ్సింది. మల్ల ఇప్పి మల్ల ఏసిన. బడికి ఆలస్యమైంది. మీరు గేటు కాడ నిలబెట్టినరు.’

ఆ వాక్యాల్లో అమ్మ లేదు. ఎందుకు లేదని నేను అడగలేదు. అడిగే అవసరం కూడా రాలేదు. అతని లక్ష్యం, ఇష్టమైన రంగు, ఇష్టమైన ఆట అన్నీ తెలిసినా నాకు ఇంత తెలిసేది కాదు. ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర నిలబెట్టడం మానేశాను. ‘సార్ కాగితం చదివిండు’ అని అతనికి అలాగే తెలిసింది. పిల్లలు రాసింది చదివామని నోటితో చెప్పక్కర్లేదు, మన పనిలో ఏదో ఒకటి మారాలి. ఏమీ మారకపోతే రెండోసారి రాయరు, రాసినా ఆ మేకపిల్ల గురించే రాస్తారు.

ఇంకో మాట, ముఖం చూసి ఏదీ తేల్చకు. 1998లో మర్రిగూడ వైపు ఒక బడిలో ఉన్నాను. పాఠం చెబుతుంటే కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నాను. ఒకణ్ణి లేపి చెయ్యి తీయమన్నాను. తీశాడు. పళ్లన్నీ గోధుమ రంగు గార పట్టి, అంచులు అరిగి ఉన్నాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, ఆ ఊళ్ల బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే ఆ మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. అంతకు ముందు వారమే బోర్డు మీద రాసి చెప్పాను కూడా. అయినా ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి చెయ్యి నోటి దగ్గరికి ఎందుకు పోతోందో నాకు తట్టలేదు. నీ అబ్బాయి నీ వైపు చూడకపోవడం కోపం కావచ్చు, సిగ్గు కావచ్చు, నువ్వు మళ్లీ ఏమైనా అడుగుతావేమోనన్న భయం కావచ్చు. ఏది అన్నది తేల్చుకోవడం నీ పని కాదు. అతన్ని అడగడం అసలే వద్దు.

చేయాల్సింది రెండు చోట్ల చెయ్. తప్పు క్లాసులో జరిగింది కాబట్టి క్లాసులో ఒకసారి, పేరు ఎత్తకుండా: ‘మొన్న ఒకరు రాసిన పేపర్ గురించి అందరి ముందు అడిగాను. అది నా తప్పు. ఇకపై ఎవరి కాగితం గురించీ అలా అడగను.’ అంతటితో పాఠంలోకి వెళ్లిపో. రెండోది అతనితో విడిగా. గదిలోకి పిలవకు, పిలిస్తే మిగతావాళ్లు కిటికీ దగ్గర మూగుతారు. మధ్యాహ్న భోజనం అయ్యాక నల్లా దగ్గర పళ్లెం కడుగుతుంటాడు కదా, నీ పళ్లెం కూడా తీసుకుని వెళ్లు. ‘నిన్ను అందరి ముందు అడిగాను, సారీ రా’ అను. తండ్రి పేరు ఎత్తకు, బొంబాయి మాట ఎత్తకు. అతను ‘పర్లేదు మేడం’ అంటాడు. ఆ మాటను పట్టుకుని అంతా సర్దుకుందని అనుకోకు. మళ్లీ నీ వైపు చూడడానికి అతనికి ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు తీసుకోనీ. ఈలోపు మంచి చేసుకుందామని క్లాస్ లీడర్ని చేయడం, చాక్‌పీస్ డబ్బా ఇవ్వడం లాంటివి చేయకు. ఎందుకు ఇస్తున్నావో వాడికి వెంటనే తెలిసిపోతుంది.

గణితం సంగతి. ‘అర్థమైందా?’ అని అడగడం ఈరోజే మానెయ్. 34 గొంతులు కలిసి ‘అర్థమైంది మేడం’ అనడం వాళ్లకు ప్రార్థన లాంటిది, వచ్చేస్తుంది. నాతో పనిచేసిన ఒక గణితం మేడం వేరేలా అడిగేది. లెక్క చేస్తూ ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టమనేది. చుక్కకు మార్కులు లేవు, తిట్లు లేవు. పూర్ణసంఖ్యల పాఠంలో మైనస్ పక్కన బ్రాకెట్టూ, దాని లోపల ఇంకో మైనసూ వచ్చిన చోట క్లాసు క్లాసంతా చుక్కలే. ఆమె కోప్పడలేదు, సంతోషించింది. తను సరిగా చెప్పనిది ఎక్కడో దొరికిందని అంది. నీ ఎఫ్‌ఏ-1 పేపర్లు తిరిగి ఇచ్చి చుక్కలు పెట్టించు. గణితం కష్టమని 15వ ప్రశ్న కింద రాయని పిల్లలు చుక్క మాత్రం పెడతారు.

ఇందులో భాష కూడా ఉంది. మీ బడిలో తండా పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లకు ఇంట్లో లంబాడీ భాష, ఊళ్లో తెలుగు, 2022-23 నుంచి బడిలో ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు వేశారు కానీ ఆ రెండూ ఇంట్లో అమ్మను ‘యాడి’ అని పిలిచే పిల్లకు నేర్చుకున్న భాషలే. ‘యస్ మేడం’ అనేస్తే ఆ మూడింటి బాధా ఒక్కసారి తప్పుతుంది. ఒక లెక్కను పక్కనున్న అమ్మాయికి వాళ్ల భాషలో చెప్పమను. నీకు ఒక్క ముక్క అర్థం కాకపోవచ్చు. కానీ చెప్పే పిల్ల ఎక్కడ తడబడుతోందో, వినే పిల్ల కళ్లు ఎక్కడ వెలుగుతున్నాయో కనిపిస్తుంది. ఆ క్లాసులో ఆ పది నిమిషాలూ తెలియనిది నీకే, తెలిసింది వాళ్లకే. అది వాళ్లు చూడడం మంచిది.

తెలియదని ఒప్పుకోవడానికి టీచర్లం చాలా భయపడతాం. నాకు ఆ భయం పోయింది పానగల్లులో. నల్లగొండ ఊరి పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. ఏడో తరగతిని తీసుకెళ్లాను. అక్కడ ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభంలాంటి నీడ పగలంతా అక్కడే నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. కుందూరు చోళులు కట్టించారని నేను చరిత్ర చెబుతుంటే ఒక పిల్లవాడు, ‘సార్, గా నీడ ఏ స్తంభానిది?’ అన్నాడు. వాడు ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చూసి వచ్చాడు, ఏ స్తంభం దగ్గర నిలబడినా వాడి నీడ లోపల పడలేదట. నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు, శిల్పుల గొప్పతనం అనేయొచ్చు. ‘నాకు తెల్వదు రా, నువ్వు చెప్పు’ అన్నాను. బడికి వచ్చాక నెల రోజులు పిల్లలు అట్టపెట్టె కోసి, చాక్‌పీసులు స్తంభాల్లా నిలబెట్టి, రెండు పక్కల నుంచి టార్చిలైట్ వేసి చూశారు. ఒకే స్తంభం నీడ కాదని, స్తంభాల సందుల్లోంచి వెలుతురు పక్కల నుంచి చెదిరి లోపలికి రావడం వల్ల మధ్యలో వెలుతురు తగ్గిన పట్టీ మిగులుతోందని వాళ్లే పట్టుకున్నారు. ఆ నెల తర్వాత ఆ క్లాసులో ‘తెల్వదు సార్’ అనే మాట మామూలు మాటైపోయింది. అంతకు ముందు ఆ మాట బదులు తలలు కిందికి దిగేవి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రోజూ కాకపోయినా వారంలో రెండు మూడు రోజులు వాళ్లతో కూర్చుని బడి భోజనమే తిను. చారు పలచగా ఉంటే పలచగా ఉందని నువ్వూ అను. తండాలో తీజ్‌కో, ఊళ్లో బతుకమ్మకో పిలిస్తే వెళ్లు, చేతిలో రిజిస్టర్ లేకుండా వెళ్లు. పిల్లలు చెప్పిన మాటల్ని తల్లిదండ్రుల మీటింగ్‌లో ఫిర్యాదుగా వాడకు. ‘నన్ను మీ ఫ్రెండ్ అనుకోండి’ అని చెప్పకు. వాళ్లకు ఫ్రెండ్స్ ఉన్నారు, గణితానికి టీచరే ఇన్నాళ్లు లేరు. బెత్తం సంగతి నీకు చెప్పక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మాటలతో వేధించడాన్ని కూడా నిషేధించింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ చట్టం లేదు, నేనూ కొట్టాను. నేను కొట్టిన పిల్లలు నాతో ఎప్పుడూ ఒక్క అబద్ధం కూడా పట్టుబడేలా ఆడలేదు. వాళ్ల గురించి నాకు తెలిసింది కూడా అంతే తక్కువ.

ఆ 34 కాగితాలూ నీ బీరువాలో ఉండి ఉంటాయి. ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చెయ్. మార్చి రాయమని అడగకు. ‘ఇవి మీవి, మీ దగ్గరే ఉంచుకోండి’ అను.

సోమవారం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఆ అమ్మాయికి చెప్పాల్సిన నాలుగు మాటలు లోపల ఒకసారి అనుకుని చూసుకో. పుస్తకం తీయక ముందే చెప్పెయ్. నల్లా దగ్గర మాట మధ్యాహ్నానికి. ఎలా జరిగిందో నాకు రాయి. అనుకున్నట్టు జరగకపోయినా రాయి.